ఒక స్క్రైబు, 36 గంటలు: తొమ్మిదో తరగతి పిల్లలు చేయగలిగిన సాయం

పదో తరగతి పరీక్షలు జరిగే కొన్ని కేంద్రాల్లో ఒక గది విడిగా ఉంటుంది. అక్కడ ఒక పిల్ల ప్రశ్న చదివి వినిపిస్తుంది. పక్కన కూర్చున్న పిల్ల విని, ఆలోచించి, జవాబు చెబుతుంది. చదివిన పిల్ల ఆ జవాబును చెప్పింది చెప్పినట్టు రాస్తుంది. పరీక్ష జవాబు చెబుతున్న పిల్లది, చేతిరాత మాత్రం ఇంకొకరిది. ఇలా రాసిపెట్టేవారిని స్క్రైబులు అంటారు. చూపు లేనివారికి, రెండు చేతులూ సహకరించనివారికి, సెరిబ్రల్ పాల్సీతో కండరాలు అదుపులో ఉండనివారికి పరీక్ష రాయడానికి ఉన్న ముఖ్యమైన దారి ఇదే.

ఈ స్క్రైబులు ఎక్కడి నుంచో రారు. పదో తరగతి పరీక్షకు తొమ్మిదో తరగతి విద్యార్థిని స్క్రైబుగా పెట్టడం మన దగ్గర ఉన్న పద్ధతి. అంటే ఈ సాయం చేయగలిగినవాళ్లు 14, 15 ఏళ్ల పిల్లలే. వాళ్లను పంపాల్సింది మనం. పంపే ముందు తల్లిదండ్రులకు సహజంగానే సందేహాలు వస్తాయి: మా పిల్ల చదువు ఏమవుతుంది, ఇందులో కాపీ ఏమైనా ఉందా, తప్పు రాస్తే ఎవరిది బాధ్యత? వీటికి ఒక్కొక్కటిగా, లెక్కతో సహా జవాబు చూద్దాం. ముందే ఒక మాట. ఈ సాయానికి పట్టే సమయం చాలా తక్కువ, కానీ అది ముందే సిద్ధమై ఉండాలి. పరీక్ష వారంలో వెతికితే దొరికేది కాదు.

అసలు ఎంతమందికి ఈ అవసరం?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు సుమారు 2 కోట్ల 68 లక్షలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 22 లక్షల 66 వేలు. వారిలో చూపు సమస్య ఉన్నవారు సుమారు 4 లక్షలు. అప్పటి రాష్ట్ర జనాభా 8 కోట్ల 46 లక్షలు కాబట్టి, ప్రతి 212 మందిలో ఒకరన్నమాట.

దీన్ని ఒక ఊరికి కుదించి చూద్దాం. వెయ్యి గడపల ఊళ్లో ఇంటికి నలుగురు చొప్పున 4 వేల మంది ఉంటారనుకుంటే, చూపు సమస్య ఉన్నవారు దాదాపు 19 మంది. అందులో వయసు పైబడినవారే చాలామంది ఉంటారు. బడి వయసు పిల్లలు ఒకరో ఇద్దరో ఉండవచ్చు. ఆ ఏడాది పదో తరగతి రాసేవారు ఒక్కరూ ఉండకపోవచ్చు.

అందుకే ఈ అవసరం మన కంటికి ఆనదు. ప్రతి ఊళ్లో పదేసి మంది ఉంటే బళ్లే ముందుగా ఏర్పాటు చేసుకునేవి. ఊరికొకరు, మండలానికి కొందరు చొప్పున విడివిడిగా ఉండడంతో ప్రతి కుటుంబం తన తిప్పలు తాను పడుతుంది. కానీ పట్నంలో చూపు లేని పిల్లల కోసం ఉన్న ఒక ప్రత్యేక పాఠశాలకు వెళ్లి చూస్తే, అలా ఊరికొకరుగా ఉన్న పిల్లలే అక్కడ ఒక తరగతి నిండా కనిపిస్తారు.

బ్రెయిలీ ఉంది కదా, వాళ్లే రాసుకోవచ్చు కదా?

బ్రెయిలీ అంటే కాగితం మీద ఉబ్బెత్తుగా ఉండే చుక్కలను వేళ్లతో తడిమి చదివే లిపి. లూయీ బ్రెయిలీ దీనికి రూపమిచ్చింది 1824లో, తన 15 ఏళ్ల వయసులో. తానూ చూపు లేని విద్యార్థే. 6 చుక్కల స్థానాలతో 63 గుర్తులు వస్తాయి. మన భాషలన్నిటికీ ఒకే పద్ధతిగా 1951లో భారతి బ్రెయిలీని తీసుకున్నారు. తెలుగు బ్రెయిలీ అందులో భాగమే.

పరీక్ష దగ్గరికి వచ్చేసరికి రెండు చిక్కులు ఎదురవుతాయి. బ్రెయిలీలో రాసిన జవాబును దిద్దడానికి బ్రెయిలీ వచ్చిన ఉపాధ్యాయుడు కావాలి. ఆ లిపి రానివారు దిద్దాలంటే ఎవరో ఒకరు దాన్ని మామూలు తెలుగులోకి తిరిగి రాయాలి. ఇక రెండోది, రాయలేని ప్రతి ఒక్కరికీ బ్రెయిలీ రాదు. ఎనిమిదో తరగతిలో చూపు పోయిన అబ్బాయి రెండేళ్లలో బ్రెయిలీలో 3 గంటల పరీక్ష రాసే వేగం అందుకోవడం కష్టం. చేతులు కదలని అమ్మాయికి బ్రెయిలీ పలక కూడా అక్కరకు రాదు. అందువల్ల ఇప్పటికీ ఎక్కువమందికి అందుబాటులో ఉన్న దారి పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషే.

అదనపు గంట ఎందుకు? అది ఎక్కువ కాదా?

రాతపరీక్షల కోసం కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టు 29న మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం పరీక్షలో ప్రతి గంటకూ తక్కువలో తక్కువ 20 నిమిషాలు కలపాలి. 3 గంటల పేపరు 4 గంటలవుతుంది. దీనికి వాళ్లు పెట్టిన పేరు పరిహార సమయం, అంటే పోయినదాన్ని భర్తీ చేసే సమయం. ఏ బోర్డు ఎంత సమయం ఇస్తుందో ఆ ఏడాది సూచనల్లో చూసుకోవాలి. కానీ ఆ గంట ఎక్కడికి పోతుందో తెలిస్తే అది ఎక్కువా తక్కువా అన్నది మీకే తేలిపోతుంది.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. జవాబులన్నీ కలిపి 12 పేజీలు, పేజీకి 100 మాటలు అనుకుందాం. మొత్తం 1,200 మాటలు. ఒత్తులు, గుణింతాలు తప్పకుండా రాసే పిల్లలు నిమిషానికి 12 మాటలు రాస్తారనుకుంటే రాతకే 100 నిమిషాలు పడతాయి. చూపున్న విద్యార్థికి ప్రశ్నపత్రం చదువుకోవడానికి 10 నిమిషాలు, చివర్లో ఒకసారి చూసుకోవడానికి 10 నిమిషాలు చాలనుకుందాం. 180 నిమిషాల్లో ఇవి పోను ఆలోచించుకోవడానికి 60 నిమిషాలు మిగులుతాయి.

ఇప్పుడు అదే పేపరు స్క్రైబుతో. పేపరంతా ఒకసారి పైకి చదవడానికి 20 నిమిషాలు. ఒకసారి వినగానే ప్రశ్నలన్నీ గుర్తుండవు కాబట్టి ఒక్కో ప్రశ్నను రాసే ముందు మళ్లీ చదవడానికి ఇంకో 20. రాతకు అవే 100. రాసింది చదివి వినిపించడానికి, నిమిషానికి 60 మాటల చొప్పున, 20. మొత్తం 160. ఆలోచించుకోవడానికి మిగిలింది 20 నిమిషాలే. చూపున్న తోటి విద్యార్థికి అదే పని కోసం 60 నిమిషాలున్నాయి.

పరిహార సమయం కలిపితే ఆ 20 కాస్తా 80 అవుతుంది. మరి 60 కంటే 20 ఎక్కువే కదా అని మీరు అడగవచ్చు. చెప్పిన వాక్యాన్ని రెండోసారి చెప్పడం, పేర్లలోని అక్షరాలు విడదీసి చెప్పడం, పట్టికలో ఏ గడిలో ఏ అంకె వేయాలో వివరించడం, ఇవన్నీ ఈ గదిలో మాత్రమే ఉండే పనులు. ఆ 20 నిమిషాలు వాటికి సరిపోతాయి. ఈ గంటతో పరీక్ష తేలికైపోదు. తోటివారితో సమానంగా ఆలోచించుకునే వీలు మాత్రం దొరుకుతుంది.

స్క్రైబే జవాబులు చెప్పేస్తే?

ఈ అనుమానం న్యాయమైనదే. అందుకే నియమాలు కూడా దీని చుట్టూనే ఉన్నాయి. అభ్యర్థి తన స్క్రైబును తానే తెచ్చుకుంటే, ఆ స్క్రైబు చదువు అభ్యర్థి చదువుకు ఒక మెట్టు కింద ఉండాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. పదో తరగతికి తొమ్మిదో తరగతి పిల్లలను పెట్టడంలో ఉన్న తర్కమూ ఇదే. పదో తరగతి పాఠాలు ఇంకా చదవని పిల్ల, చెప్పాలనుకున్నా చెప్పగలిగింది తక్కువ. దానికితోడు గదిలో ఇన్విజిలేటర్ ఉంటారు. స్క్రైబు ఎవరన్నది ముందుగా కాగితం మీద ఉంటుంది.

ఇంకో వైపు నుంచీ చూడాలి. ఈ నియమం వల్ల అభ్యర్థికే కొంత నష్టం ఉంది. కిరణజన్య సంయోగక్రియ, వర్గ సమీకరణం లాంటి మాటలను స్క్రైబు ఎప్పుడూ విని ఉండకపోతే, ప్రతి మాటా అక్షరం అక్షరం చెప్పాల్సి వస్తుంది. అందుకే తక్కువ తరగతి పిల్లలైనా చదవడం ధారాళంగా, రాయడం శుభ్రంగా వచ్చినవారు కావాలి. అలాంటివారిని ఎంచుకోవడానికి, అలవాటు పడడానికి సమయం పడుతుంది. అభ్యర్థి స్క్రైబును పరీక్షకు 2 రోజుల ముందు కలుసుకుని సరిపోతారో లేదో చూసుకునే వీలు ఆ మార్గదర్శకాల్లో ఇచ్చారు. భాషా పేపర్ల కోసం వేర్వేరు స్క్రైబులను పెట్టుకునే వీలూ ఇచ్చారు. ఒక సబ్జెక్టుకు మాత్రం ఒక్కరే.

చెప్పింది చెప్పినట్టు రాయడం అంత కష్టమా?

లెక్కల పేపరులో ఒక్క వాక్యం చాలు దీన్ని చూపించడానికి. అభ్యర్థి "ఎక్స్ ప్లస్ 2 బై 3" అన్నాడనుకోండి. స్క్రైబు దీన్ని రెండు రకాలుగా రాయవచ్చు. ఎక్స్‌కు 2 కలిపి, ఆ మొత్తం కింద గీత గీసి 3 వేయవచ్చు. లేదా ఎక్స్ పక్కన ప్లస్ పెట్టి, 2 కింద మాత్రమే 3 వేయవచ్చు. ఎక్స్ విలువ 4 అయితే మొదటి రాతలో జవాబు 2, రెండో రాతలో 4.67. చెప్పినవాడికి లెక్క వచ్చు, రాసినవాడు విన్నదే రాశాడు. అయినా మార్కులు పోయాయి.

దీనికి మందు ముందుగా కుదుర్చుకున్న మాటలే. "బ్రాకెట్ తెరువు", "బ్రాకెట్ మూయి", "మొత్తం కింద 3", "కొత్త లైను", "కింద గీత గీయి" లాంటి పది పదిహేను మాటలు ఇద్దరూ ఒప్పుకుని ఉంటే ఈ పొరపాటు రాదు. తెలుగులో అయితే "శంఖం శ", "షట్కోణం ష", "సముద్రం స" అని, "పొల్లు", "ఒత్తు" అని చెప్పుకోవాలి. ఈ మాటలు పుస్తకంలో ఉండవు. ఇద్దరూ కూర్చుని సాధన చేస్తే వస్తాయి.

స్క్రైబు చేతిలో ఒక బాధ్యత ఉంది. అభ్యర్థి చెప్పింది తప్పని తనకు అనిపించినా తప్పుగానే రాయాలి. ఒప్పని తెలిసిన మాటనూ తనంతట తాను కలపకూడదు. వినపడకపోతే అడగాలి, ఊహించకూడదు. ఒకప్పుడు చదువు రాని అవ్వలు మిలిటరీలో ఉన్న కొడుకులకు పక్కింటి పిల్లల చేత ఉత్తరాలు రాయించుకునేవారు. ఉత్తరంలో మాట అవ్వది, రాత మాత్రం పిల్లవాడిది. స్క్రైబు చేసేదీ ఆ పనే. తేడా అల్లా, ఇక్కడ ఒక్క అక్షరం మారినా మార్కు మారుతుంది.

మా పిల్ల చదువు ఏమవుతుంది?

నేరుగా గంటల్లో చూద్దాం. పరీక్షలు 6 పేపర్లనుకుంటే, ఒక్కోటి 4 గంటల చొప్పున 24 గంటలు. వెళ్లిరావడానికి, ముందుగా చేరుకోవడానికి రోజుకు గంట చొప్పున 6 గంటలు. సాధనకు గంటన్నర చొప్పున 4 సార్లు, అంటే ఇంకో 6 గంటలు. మొత్తం 36 గంటలు. ఒక పేపరు ఎక్కువైతే ఇంకో 5 గంటలు కలపండి. రోజుకు 6 గంటల బడి అనుకుంటే ఇది 6 బడి రోజులతో సమానం. జనవరి నుంచి మార్చి దాకా 90 రోజులకు పంచితే రోజుకు 24 నిమిషాలు.

పోలికకు జాతీయ సేవా పథకాన్ని తీసుకోవచ్చు. ఎన్‌ఎస్‌ఎస్ అని మనం పిలిచే ఈ పథకం 1969 సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. అందులో చేరినవారు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. స్క్రైబు పనికి పట్టే 36 గంటలు అందులో మూడో వంతు కన్నా తక్కువ.

అయితే గంటల సంఖ్య ఒక్కటే చూస్తే సరిపోదు. పదో తరగతి పరీక్షలు మామూలుగా మార్చి రెండో సగంలో ఉంటాయి. తొమ్మిదో తరగతి పిల్లల వార్షిక పరీక్షలు ఏప్రిల్‌లో. అంటే తమ పరీక్షలకు కొద్ది రోజుల ముందు ఈ పిల్లలు వేరొకరి పరీక్షకు కూర్చుంటున్నారు. అందుకే తరగతి ఉపాధ్యాయుడితో ముందే మాట్లాడి, ఆ రోజుల్లో పోయిన పాఠాలు ఎప్పుడు చెప్పించుకోవాలో రాసిపెట్టుకోవాలి. చదువులో వెనకబడి ఉన్న పిల్లను మొహమాటానికి పంపకూడదు. అలా పంపితే ఇద్దరికీ నష్టమే.

స్క్రైబులు ఎందుకు దొరకరు?

ఒక ప్రత్యేక పాఠశాలలో 20 మంది పదో తరగతి రాస్తున్నారనుకోండి. 20 మందికీ 6 పేపర్ల చొప్పున, పేపరుకు 4 గంటల చొప్పున మొత్తం 480 గంటల పని. రక్తదానమో, మొక్కలు నాటడమో అయితే ఈ 480 గంటలను ఏడాది పొడవునా ఎవరో కొందరు పంచుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. 20 పరీక్షలూ ఒకే రోజు, ఒకే గంటకు మొదలవుతాయి. ఎంత మంచి మనసున్న పిల్లైనా రెండు గదుల్లో కూర్చోలేదు. కాబట్టి 20 మంది కావాల్సిందే.

పిల్లలన్నాక జ్వరాలు, ఆటలమ్మ తప్పవు. నలుగురికి ఒకరు చొప్పున అదనంగా ఉంచుకుంటే మొత్తం 25 మంది. ఒక బడిలోని తొమ్మిదో తరగతిలో 40 మంది ఉంటే, చేతిరాత, చదువు, ఇష్టం, ఇంట్లో ఒప్పుదల అన్నీ కలిసివచ్చేవారు అయిదుగురు అనుకుందాం. 25 మందికి 5 బడులు కావాలి. 5 బడుల ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి, 25 ఇళ్లలో ఒప్పించి, 25 మందికి అనుమతి కాగితాలు పెట్టించడం పరీక్ష ముందు వారంలో జరిగే పని కాదు. కొరత అంటే మంచి పిల్లలు లేకపోవడం కాదు. ఉన్న పిల్లలను ముందుగా ఎవరూ అడగకపోవడమే.

40 శాతం లేకపోతే ఈ సాయం దొరకదా?

మన దగ్గర వైకల్యం ఎంత శాతమో తెలిపే సదరం సర్టిఫికెట్ అనగానే అందరూ 40 శాతం అంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 నాటి పాత చట్టంలో అవి 7. చాలా ప్రయోజనాలకు 40 శాతం గీత ఉంది కూడా. కానీ రాయడంలో నిజమైన ఇబ్బంది ఉన్నవారికి స్క్రైబును ఇవ్వడానికి ఆ గీత అడ్డు కాకూడదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న, వికాస్ కుమార్ కేసులో చెప్పింది. ఆయనకున్నది రాస్తుంటే చేతి కండరాలు పట్టేసే సమస్య. ఆ తీర్పు తర్వాత 40 శాతం కన్నా తక్కువ ఉన్నవారి కోసం 2022 ఆగస్టు 10న వేరే మార్గదర్శకాలు వచ్చాయి. రాయడం కష్టమని తెలిపే వైద్య ధ్రువపత్రం వీరికి అవసరం. మీ ఇంట్లో, మీ తరగతిలో అలాంటి పిల్లలు ఉంటే ఈ దారి ఉందని తెలుసుకోండి.

పోయిన గంట విలువ ఎంతో చెప్పే కేసు ఇంకొకటి ఉంది. 2021 సెప్టెంబర్‌లో జరిగిన నీట్‌లో, రాత సరిగా సాగని డిస్‌గ్రాఫియా సమస్య ఉన్న ఒక విద్యార్థినికి రావాల్సిన అదనపు గంట ఇవ్వకుండా, మిగతావారితోపాటే జవాబు పత్రం తీసేసుకున్నారు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జరిగింది అన్యాయమని కోర్టు ఒప్పుకుంది. దాన్ని సరిదిద్దే మార్గం చూడమని పరీక్ష సంస్థను ఆదేశించింది. మళ్లీ పరీక్ష పెట్టమని మాత్రం చెప్పలేదు. దేశంలోని అతి పెద్ద కోర్టు కూడా పరీక్ష గదిలో పోయిన గంటను తిరిగి ఇప్పించలేకపోయింది. ఆ రోజు ఆ గదిలో అన్నీ సవ్యంగా ఉండడమే అసలైన రక్షణ.

ఈ మార్కులతో ఇంత పనేముంది?

పదో తరగతి మార్కులు మన పిల్లలకు తర్వాత ఏ గుమ్మం తెరుచుకుంటుందో చెబుతాయి. చూపు లేని పిల్లలకు ఆ గుమ్మాలు మొదటే తక్కువ. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చినా ఇంటర్‌లో సైన్స్ చదవడానికి అప్పట్లో అనుమతించలేదు. ఆయన కోర్టుకు వెళ్లి గెలిచారు. తర్వాత అమెరికాలోని ఎంఐటీలో చదువుకుని, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. కోర్టులో నిలబడి "నేను చదవగలను" అనడానికి చేతిలో ఉన్న రుజువు ఆ మార్కులే. చెప్పిన జవాబు సరిగ్గా కాగితం మీదికి రాకపోతే అలాంటి రుజువు ఎవరి చేతిలోనూ ఉండదు.

కంప్యూటర్లు వచ్చాయి కదా, ఇంకా మనుషులెందుకు?

తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగూ చదువుతుంది. అభ్యర్థి కోరుకుంటే కంప్యూటర్ మీద గానీ, బ్రెయిలీలో గానీ, జవాబులు రికార్డు చేసి గానీ పరీక్ష రాసే వీలు 2018 మార్గదర్శకాల్లో ఇచ్చారు. ఇది పెరగాలి. సొంతంగా రాసుకోవడం కన్నా మంచిది లేదు. కానీ కంప్యూటర్ మీద పరీక్ష రాయాలంటే ఆరో తరగతి నుంచే దాని మీద చేయి తిరగాలి. బడిలో యంత్రం, నేర్పేవారు, కరెంటు, అన్నీ ఉండాలి. అవి అందరికీ అందేదాకా ఈ మార్చిలో, వచ్చే మార్చిలో పరీక్ష రాసే పిల్లలు ఆగలేరు కదా.

వెళ్లే పిల్లలకు ఏం నేర్పాలి?

మొదట జాలి వద్దని చెప్పాలి. పక్కన కూర్చున్నది తమకన్నా ఒక తరగతి పైన చదువుతున్న అక్కో, అన్నో. ఆ గదిలో పాఠం తెలిసినది వాళ్లకే. నడిపించేటప్పుడు చేయి పట్టుకుని లాగకూడదు. "నా మోచెయ్యి పట్టుకుంటారా?" అని అడిగి, వాళ్లు పట్టుకున్నాక అర అడుగు ముందు నడవాలి. మెట్లు వస్తే ఎక్కేవా, దిగేవా ముందే చెప్పాలి. గదిలో వాళ్లు విన్న ప్రశ్నలు, చెప్పిన జవాబులు, తడబడిన చోట్లు బయట ఎవరికీ చెప్పకూడదు.

పిల్లలకు దీనివల్ల ఏమొస్తుంది అని అడిగితే, కొన్ని బోర్డులు స్క్రైబులకు కొంత భత్యం ఇస్తాయి. అంతకన్నా విలువైనది వేరే ఉంది. 24 గంటలు ఒక మనిషి మాటను పూర్తిగా, మధ్యలో అడ్డుపడకుండా, తన అభిప్రాయం కలపకుండా వినడం ఏ సబ్జెక్టులోనూ నేర్పరు. బెంగళూరుకు చెందిన పుష్ప ప్రియ వెయ్యికి పైగా పరీక్షలకు స్క్రైబుగా కూర్చున్నందుకు 2018 సంవత్సరానికి నారీశక్తి పురస్కారం అందుకున్నారు. పరీక్షకు 3 గంటలే లెక్కేసినా అది 3 వేల గంటలు. రోజుకు 8 గంటల పనిగా చూస్తే 375 రోజులు, అంటే ఏడాది కన్నా ఎక్కువ. మీ పిల్లల నుంచి అంత ఎవరూ అడగడం లేదు. ఒక అన్నకు, ఒక అక్కకు, ఒక్క మార్చి నెల.

పెద్ద తరగతి పిల్లలు ఏం చేయవచ్చు?

ఇంటర్ చదువుతున్న అమ్మాయి పదో తరగతికి స్క్రైబుగా పనికిరాదు. కానీ పాఠాలు చదివి ఫోనులో రికార్డు చేయవచ్చు. ఒక పాఠం 2,000 మాటలు, చదివే వేగం నిమిషానికి 100 మాటలు అనుకుంటే పాఠానికి 20 నిమిషాలు. 20 పాఠాల పుస్తకానికి 400 నిమిషాలు, అంటే 7 గంటల లోపే. ఇది సెలవుల్లో చేసుకోవచ్చు, ఒకసారి చేస్తే తరగతిలోని అందరికీ పనికొస్తుంది. బొమ్మలు, పటాలు వచ్చినచోట "ఇక్కడ ఫలానా బొమ్మ ఉంది" అని మాటల్లో చెప్పడం మరచిపోకూడదు.

ఏ నెలలో ఏం చేయాలి?

ఆగస్టులో మీ పిల్లల బడి ప్రధానోపాధ్యాయుడిని కలిసి, ఇష్టమున్న తొమ్మిదో తరగతి పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాయించండి. దగ్గర్లో ప్రత్యేక పాఠశాల ఉంటే వాళ్లకు ఆ సంఖ్య చెప్పండి. డిసెంబర్ కల్లా ఎవరికి ఎవరు అన్నది తేలాలి. బొనఫైడ్ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్స్, ఫొటోలు, తల్లిదండ్రుల సమ్మతి పత్రం అప్పుడే సిద్ధం చేసుకుంటే అనుమతికి తిరగడం తప్పుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో నాలుగుసార్లు సాధన. అందులో ఒకసారి లెక్కల పేపరు తప్పనిసరి. నియమాలు ఏటా కొంత మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది బోర్డు ఇచ్చిన సూచనలే ప్రమాణం.

చట్టం అదనపు సమయం ఇచ్చింది, స్క్రైబును పెట్టుకునే హక్కు ఇచ్చింది. ఆ కుర్చీలో కూర్చునే పిల్లను మాత్రం ఏ చట్టమూ తెచ్చి ఇవ్వలేదు. ఆ పిల్ల మన ఇళ్లలోనే ఉంది. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతోంది, చేతిరాత బాగుంటుంది, ఎవరైనా అడిగితే వెళ్లడానికి సిద్ధంగా ఉంటుంది. ఆమెను మార్చిలో కాకుండా ఆగస్టులో అడగండి.